పొట్లం కాగితాల పాఠం

మా ఇంటి వెనక గోడను ఆనుకుని ఒక ప్రైవేటు బడి ఉంది. అమీర్‌పేటలో ఇప్పుడు గోడలన్నీ ఒకదాన్ని ఒకటి ఆనుకునే ఉంటాయి. కోచింగ్ సెంటరు గోడ హాస్టలుకు, హాస్టలు గోడ టిఫిన్ సెంటరుకు, టిఫిన్ సెంటరు గోడ మా ఇంటికి. పొద్దున నేను రెండో చాయ్ తాగే వేళకు బడి గోడ అవతల నుంచి పిల్లల గొంతులు లేస్తాయి. ఒకే పాఠం, అందరిదీ ఒకే రాగం. దూరాన మెట్రో పోతే మా కిటికీ అద్దాలు కదులుతాయి గానీ ఆ పాఠం మాత్రం ఎక్కడా తెగదు. ఒక్క పిల్ల తడబడదు, ఒక్క పిల్లవాడు వెనకపడడు. అది వింటే నాకు ఒళ్లు మండుతుంది. అక్షరాన్ని చూసి చదివే గొంతు వేరు, చూడకుండా ఒప్పజెప్పే గొంతు వేరు. రెండూ నా నోటి నుంచే వచ్చాయి కాబట్టి తేడా నాకు తెలుసు.

మొన్న ఉండబట్టలేక ఆ బడి గేటు దగ్గర టీచరమ్మాయిని పట్టుకుని అడిగాను, పిల్లలతో ఏం చేయిస్తున్నావమ్మా అని. అమ్మాయిది గోదావరి వైపు, మర్యాద తెలిసిన పిల్ల. "అది రీడింగ్ పీరియడ్ అండి తాతగారూ. మా పిల్లలు చాలా ఫాస్టుగా చదువుతారు" అంది. నా బాధ కూడా అదేనని అన్నాను. ఆమె నవ్వి లోపలికి వెళ్లిపోయింది. వేలకు వేలు ఫీజులు గుంజి పిల్లలకు పాట నేర్పి చదువు అని పేరు పెట్టేవాళ్ల మీద నాకున్న కోపం ఆ అమ్మాయి మీద చూపించి లాభం లేదు. ఆమెకు హమీదా టీచరమ్మ తెలియదు. మీకూ తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను చదువుకున్న బడి ఇప్పటి చౌరస్తాకు కొంచెం ఇవతల ఉండేది. రెండు గదులు, పైన పెంకులు, ముందు బండలు పరిచిన వరండా. సోమవారం పొద్దున బడి అంతా పసరు వాసన. దొండాకూ బొగ్గూ కలిపి పలకలు రుద్దుకుని నల్లగా చేసుకుని వచ్చేవాళ్లం. చేతులు, చొక్కాలు, ఒక్కోసారి మూతులు కూడా నల్లబడేవి. ఆంధ్ర నుంచి ఉద్యోగస్థులు కొత్తగా వచ్చి ఇళ్లు కట్టుకుంటున్న రోజులవి. వాళ్ల ఇళ్లకు రాయి కావాలి. పంజాగుట్ట వైపు రాయికి కొదవ లేదు. మా నాయన అక్కడ రాయి కొట్టేవాడు. ఆ ఉద్యోగస్థుల పిల్లలూ, రాయి కొట్టేవాళ్ల పిల్లలమైన మేమూ, గల్లీలో ఉన్న ముస్లింల పిల్లలూ ఒకే బండ మీద కూర్చుని చదివేవాళ్లం.

హమీదా టీచరమ్మ రిక్షాలో వచ్చేది. బురఖా తీసి మడత పెట్టి తలుపు వెనక మేకుకు తగిలించి, చేతులు కడుక్కుని, అప్పుడు పుస్తకం ముట్టుకునేది. ఆమె చదువంతా ఉర్దూలో. తెలుగు చెప్పేవాళ్లు చాలక మూడో తరగతి తెలుగు ఆమెకు అంటగట్టారు. నౌకరీ నిలబడాలంటే నేర్చుకోక తప్పలేదు. ఇద్దరు పిల్లల తల్లి అయ్యాక, పక్కింట్లో పూలు కట్టే ఆవిడ కూతురి దగ్గర ఒకటో తరగతి వాచకం ముందు పెట్టుకుని అ ఆలు దిద్దిందట. ఈ సంగతి ఆమె దాచుకోలేదు. మాకే చెప్పింది. "మీకన్న జర ముందు నేర్చుకున్న, గంతే" అనేది.

అందుకే ఆమె పాఠం చదువుతూ చదువుతూ మధ్యలో ఆగిపోయేది. ఒక మాట మీద వేలు ఆనించి పెదవులు కదిపి చూసుకునేది. "జర ఆగున్రి, ఇది నాకు సుత కొత్తగున్నది" అనేది. మాలో ఎవరికీ తెలియకపోతే ఆ మాటను బోర్డు మూలన రాసి వదిలేసేది. మర్నాడు ఎవరినో అడిగి తెలుసుకుని వచ్చి, ముందు ఆ మాట సంగతి తేల్చి, తర్వాతే కొత్త పాఠం మొదలు పెట్టేది. మాకు అదో తమాషా. టీచరు అంటే అన్నీ వచ్చినవాళ్లు కదా. సెక్రటేరియట్ గుమాస్తా గారి అబ్బాయి నా పక్కనే కూర్చునేవాడు. "మా అమ్మ వంట చేస్తూ కూడా ఇంతకంటే బాగా చదువుతుంది" అని నా చెవిలో ఊదేవాడు. నేనూ కిసుక్కున నవ్వేవాణ్ణి. ఎందుకంటే ఆ తరగతిలో గొప్ప చదువరిని నేనే.

ఆ గొప్పతనం సంగతి చెప్పాలి. వాచకంలో ఎద్దుల పాఠం ఒకటి ఉండేది. 'రామయ్య రైతు. ఆయనకు రెండు ఎద్దులు కలవు' అని మొదలవుతుంది. లేచి నిలబడి ఆ పాఠం నేను చదివితే పక్క గదిలో పిల్లలు కూడా చెవులు రిక్కించేవాళ్లు. ఒక రోజు అలాగే చదువుతున్నాను. గాలికి పుట తిరిగిపోయింది. నేను చూసుకోలేదు. కాకి బొమ్మ ఉన్న పుట మీద కళ్లు పెట్టి ఎద్దుల పాఠం చివరి దాకా చదివి కూర్చున్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. టీచరమ్మ కొట్టలేదు. నా దగ్గరికి వచ్చి, పుట సరి చేసి, నడిమధ్య ఒక మాట మీద బొటనవేలు పెట్టి అదేమిటని అడిగింది. నేను లోలోపల పాఠం మొదటి నుంచి పరుగెత్తి, మాటలు లెక్కపెట్టుకుంటూ అక్కడికి చేరి చెప్పాను. ఆమె మేం ఇంకా చదవని పాఠం ఒకటి తీసి మళ్లీ వేలు పెట్టింది. నాకు పరుగెత్తడానికి దారి లేకపోయింది.

"నువ్వు చదువుతలేవు బేటా, పాడుతున్నవ్" అంది నాకు మాత్రమే వినబడేలా. "మంచిగనే పాడుతున్నవ్. కానీ పాట పాడనీకి బడి ఎందుకు?"

ఆ మాటకు నాకు ఏడుపు వచ్చింది. సిగ్గుతో కాదు, భయంతో. ఇంట్లో నాయన పెట్టిన గడువు ఒకటి ఉంది. నాకంటే ముందు మా అన్న ఇదే బడికి వచ్చాడు. ఇంట్లో దీపం ముందు కూర్చుని వాచకం గడగడ చదివేవాడు. నాయన పొంగిపోయేవాడు. ఒకనాడు ఎక్కడో బస్సు బోర్డు చదవమంటే మా అన్న నోరు తెరవలేకపోయాడు. మర్నాటి నుంచి నాయన వాణ్ణి రాళ్లు మోయడానికి తీసుకుపోయాడు. నేను మూడో తరగతికి వచ్చినప్పుడే చెప్పాడు: "పెద్దోని కాడ మోసపోయిన. దసరా దాక చూస్త. చదువు రాలేదనుకో, నాతోని రాయి మీదికి రా." మా నాయన మాట అంటే గీత గీసినట్టే. దసరా దగ్గర పడుతోంది. నేను పాడుతున్నానని టీచరమ్మకు తెలిసిపోయింది. నాయనకు తెలియడం ఎంతసేపు?

గడువు సంగతి ఆమెకు చెప్పాను. మర్నాడు తరగతి మొత్తానికి కొత్త పద్ధతి పెట్టింది. వాక్యాన్ని చివరి నుంచి మొదటికి, ఒక్కో మాటా విడివిడిగా చదవాలి. కలవు. ఎద్దులు. రెండు. ఆయనకు. పిల్లలు పడీపడీ నవ్వారు. నవ్వినా, రాగం తెగిపోయింది. రాగం లేకపోతే నాలుకకు ఆసరా లేదు; కన్ను అక్షరం మీదికి దిగాల్సిందే. తరగతిలో గొప్ప చదువరులం అనుకున్న మేమంతా ఒక్క పూటలో మూగవాళ్లం అయ్యాం. వెనక వరుసలో ఎప్పుడూ నోరు మెదపని గాజుల దుకాణం అతని కూతురు మాత్రం, నెమ్మదిగానే అయినా, అన్నీ చదివింది. ఆ పిల్లకు చదవడం వచ్చని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

కొన్నాళ్లు అలా సాగింది. నాకు మాటలు ఒకటొకటిగా చిక్కుతున్నాయి. అంతలో గుమాస్తా గారి అబ్బాయి ఇంట్లో కూర్చుని కుడి నుంచి ఎడమకు వేలు జరుపుతూ చదివాడట. వాళ్లమ్మ గుండె బాదుకుంది. మర్నాడు గుమాస్తా గారు బడికి వచ్చాడు. ఆయన వెనక ఇంకో ఇద్దరు తండ్రులు. ఉర్దూ టీచరు తెలుగును ఉర్దూలా చదివిస్తోందని, పిల్లలు అక్షరాలు కూడా కుడి నుంచి రాయడం మొదలుపెడతారని ఫిర్యాదు. హెడ్మాస్టరు గారిది కూడా ఆంధ్ర ప్రాంతమే. చెడ్డవాడు కాదు. కానీ నలుగురు పెద్దమనుషులు వచ్చి అడిగితే ఎదురు నిలబడే మనిషి కాదు. ఆమెను వరండాలోకి పిలిచాడు. కిటికీ దగ్గర కూర్చున్నవాళ్లందరికీ వినబడింది.

"ఏంటండీ ఇది హమీదా గారూ? తెలుగు ఎటు నుంచి ఎటు చదవాలో పిల్లలకి మీరు చెప్పక్కర్లేదా?"

ఆమె నిదానంగా జవాబు చెప్పింది. పిల్లలు కంఠస్థం చేసి చదువుతున్నారని, అది విరగ్గొట్టడానికే ఇలా చేస్తున్నానని, ఉర్దూకూ దీనికీ సంబంధం లేదని. ఆయన సగం విన్నాడు. వాచకం మాత్రం ఎడమ నుంచి కుడికే చదివించాలని, మొదటి నుంచే మొదలుపెట్టాలని, లేకపోతే పైకి రాయాల్సి వస్తుందని చెప్పాడు. ఆమె సరేనంది. గదిలోకి వచ్చి, బల్ల మీద చేతులు ఆనించి కాసేపు కిటికీ వైపు చూసింది. ఈ దేశంలో మనిషి ఏం చెబుతున్నాడో వినే ముందు ఎవరు చెబుతున్నారో చూస్తారు. చెప్పిన మనిషి పేరు వేరే ఉండి ఉంటే అదే పద్ధతిని హెడ్మాస్టరు గారు మెచ్చుకుని ఉండేవాడు. ఇన్నేళ్లయినా ఈ కోపం నాకు చల్లారలేదు, చల్లారాలని నేను అనుకోనూ లేదు.

ఆమె మాట తప్పలేదు. మర్నాటి నుంచి వాచకాన్ని ఎడమ నుంచి కుడికే చదివించింది. దాని తర్వాత మాత్రం ఒక పని చెప్పింది. మీ ఇంట్లో పప్పు, చింతపండు, బెల్లం ఏ కాగితంలో కట్టుకుని వస్తాయో ఆ కాగితం పారెయ్యకుండా దులిపి తీసుకురండి అంది. పొట్లం కాగితాలు వచ్చాయి. పాత పత్రికలు, పరీక్ష పేపర్ల ముక్కలు, ఏదో సంఘం వాళ్ల కరపత్రం. కొన్నింటికి నూనె మరకలు, కొన్నింటికి కారం ఘాటు. ఏ కాగితానికీ మొదలు లేదు, చివర లేదు. నడుమ మొదలై నడుమ తెగిపోయేది. దానికి రాగం ఎవరు కట్టగలరు? ఇవి ఎడమ నుంచి కుడికే ఉన్నాయి కదా, ఇక ఎవరికీ ఫికర్ లేదని ఆమె నవ్వింది. ఒకరి కాగితం ఇంకొకరికి ఇచ్చి చదివించేది. రాని మాట దగ్గర ఊహించి చెబితే ఒప్పుకునేది కాదు. "రాకపోతే ఆగు. ఆగితే తప్పు లేదు. నేను ఆగుతలేనా?" అనేది. అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు, ఇన్నాళ్లూ ఆమె మా ముందు ఆగుతున్నది మేం నవ్వుకోవడానికి కాదని.

పొట్లం కాగితాల కోసం నేను ఇంట్లో అమ్మను సతాయిస్తుంటే నాయన చూశాడు. దీపం ముందు నేను ఒక ముక్క పట్టుకుని గొణుక్కుంటుంటే కూడా చూశాడు. ఆయనకు అనుమానం పోలేదు. అన్న కూడా ఇలాగే దీపం ముందు కూర్చునేవాడు కదా. దసరాకు ముందు ఒక సాయంత్రం పని నుంచి వస్తూ పల్లీల పొట్లం తెచ్చాడు. పల్లీలు అమ్మ కొంగులో పోసి, కాగితాన్ని మోకాలి మీద పెట్టి అరచేత్తో సాపు చేశాడు. రాతిపొడితో ఆ చెయ్యి ఎప్పుడూ తెల్లగా ఉండేది.

"కిరాణా సేటుతోని చదివించుకొని వచ్చిన. గీన్ల ఏమున్నదో నాకు ఎరుకే. ఇగ నువ్వు చదువు" అన్నాడు.

చదువు రాని మనిషి చదువుకు పరీక్ష ఎలా పెట్టాలో ఎంతకాలం ఆలోచించాడో మరి. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. అన్న కాళ్లు కడుక్కుంటూ ఆగాడు. కాగితం చేతిలోకి తీసుకున్నాను. పైన చిరిగిపోయింది. మొదటి మాట సగమే ఉంది. దాన్ని వదిలేసి తర్వాతి మాట నుంచి మొదలుపెట్టాను. ఊరివారు పరుగున వచ్చి. బావిలో పడిన ఆవును. తాళ్లతో పైకి లాగిరి. నాయన తల కొంచెం ఊపాడు. ఆవుకు గాయములు తగలలేదు. దాని యజమాని ఊరివారికి... అక్కడ ఆగిపోయాను. ఆ తర్వాతి మాటలో ఒకదాని కింద ఒకటి అంటుకున్న అక్షరాలు. 'కృ' కూడా నాకు కొత్తే. ఒక అక్షరం అవతల ఇంకో ముడి.

నాలుక చివర ఒక అబద్ధం సిద్ధంగా ఉంది. ఆవును కాపాడినవాళ్లకు యజమాని ఏం చేస్తాడు? డబ్బులిచ్చెను అనొచ్చు. దండము పెట్టెను అనొచ్చు. అన్న వెనక నుంచి సాయం చేయబోయాడు: "మొదటిసంది అందుకో రా, వస్తది." పాపం, వాడికి తెలిసిన దారి అదొక్కటే. నేను అందుకోలేదు. దసరా తర్వాత నా చేతుల్లో ఏముంటుందో కనబడుతూనే ఉంది. అయినా ఊహించి చెప్పడానికి నోరు రాలేదు. "ఈ మాట నాకు వస్తలేదు నాయినా" అన్నాను.

నాయన కాగితం నా చేతిలో నుంచి తీసుకుని, నేను ఆగిన చోటును తనకు తెలిసినట్టే తేరిపార చూశాడు. తర్వాత అమ్మ వైపు తిరిగి చెప్పాడు, నాకు కాదు.

"పెద్దోడు ఎన్నడన్న ఆగిండా? పాట పాడేటోడు ఆగడు. వీడు ఆగిండంటే వీని కన్ను అక్షరం మీద ఉన్నట్టు. రాయిల గీత ఎటు పోతుందో కానరాకపోతే నేను సుత సుత్తె ఆపుత."

అంతే. రాయి మీదికి రమ్మని ఆయన మళ్లీ అనలేదు. ఆ బడిలో ఉన్నన్ని తరగతులూ చదివించాడు. పై బడికి పంపే స్తోమత లేక తర్వాత పనికి తీసుకుపోయాడు గానీ, అది వేరే సంగతి. అన్న ఆ రాత్రి అన్నం దగ్గర నాతో మాట్లాడలేదు. వాడికి కూడా హమీదా టీచరమ్మ దొరికి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను. వాణ్ణి మోసగాడు అన్నారు. వాడు ఎవరినీ మోసం చేయలేదు. చదవడమంటే అదేనని వాడికి నేర్పినవాళ్లు చేశారు మోసం.

మర్నాడు సంగతంతా టీచరమ్మకు చెప్పాను. పాస్ అయినందుకు శెభాష్ అంటుందనుకున్నాను. ఆమె ఆ మాట ఏదని అడిగింది. పలక మీద బొమ్మ గీసినట్టు గీసి చూపించాను. కృతజ్ఞత. ఆమె దాన్ని బోర్డు మీద విడదీసి, ఏ ముడి ఎక్కడ పడిందో తరగతి మొత్తానికి చూపించి, అర్థం చెప్పింది. మేలు చేసినవాళ్లను మరిచిపోకుండా ఉండటం అట. తర్వాత ఏమీ జరగనట్టు వాచకం తీసింది, ఎడమ నుంచి కుడికి.

ఆ ఏడాది చివర ఆమెను పాతబస్తీలో ఎక్కడో ఉర్దూ బడికి మార్చారు. ఎవరూ సభ పెట్టలేదు, దండ వేయలేదు. మేకు మాత్రం తలుపు వెనక అలాగే ఉండేది.

నేను రాయి కొట్టాను, తాపీ పని చేశాను, కృష్ణానగర్‌లో సినిమా వాళ్లకు సెట్లు కట్టే చోట కూలికి పోయాను, చివరికి చిన్న కాంట్రాక్టరుగా స్థిరపడ్డాను. ఆగిన చోటల్లా ఎవరినో ఒకరిని అడుగుతూ నా చదువు నేనే చదువుకున్నాను. పెళ్లయి పిల్లలు పుట్టాక, ఒకసారి లక్డీకాపూల్‌లో పెన్షన్ పని మీద వచ్చిన హమీదా టీచరమ్మ కనబడింది. జుట్టు నెరిసింది. నేనెవరినో చెబితే గుర్తుపట్టింది. ఏం పని చేస్తున్నావని అడగలేదు. ఏం చదువుతున్నావని అడిగింది. సిమెంటు అంటిన బట్టలతో ఉన్న మనిషిని ఆ ప్రశ్న అడిగినవాళ్లు నా జీవితంలో ఆమె తప్ప లేరు.

పాత పుస్తకాల దుకాణంలో లావుపాటి చరిత్ర పుస్తకం ఒకటి కొన్నానని, కానీ మొదటి పుటలోనే ఆగిపోయానని చెప్పాను. అక్కడ 'ఉపోద్ఘాతం' అని ఉంది. చదవగలిగాను గానీ అదేమిటో తెలియలేదు.

ఆమె ఆ మాటను నెమ్మదిగా ఒకసారి పలికి చూసుకుంది. "దర్వాజ కాడనే ఆపిన్రు నిన్ను" అని నవ్వింది. "నాకు సుత తెల్వదు బేటా. నీకు తెలిస్తే నాకు చెప్పు."

అసలు విషయంలోకి పోయే ముందు చెప్పే మాటలు అని తర్వాత తెలుసుకున్నాను. చెబుదామని ఆమె పని చేసిన బడికి వెళ్లి వాకబు చేశాను. ఆమె ఇక లేదన్నారు.

ఈ మధ్య మోకాలి ఆపరేషన్‌కు ఆస్పత్రికి వెళితే సంతకం పెట్టమని కాగితం ఇచ్చారు. చదువుతూ చదువుతూ 'ఆనుషంగిక' అనే మాట దగ్గర ఆగాను. మిగతా అందరూ చూడకుండానే సంతకాలు పెట్టి పోతున్నారు. నా వెనక నిలబడ్డ కుర్రాడు "తాతా, జర జల్ది కానియ్" అన్నాడు. తెలియని దాని కింద నా పేరు రాయను నాయనా అన్నాను. కౌంటర్లో ఉన్న అమ్మాయికి కాగితం తిప్పి ఆ మాట మీద వేలు పెట్టి చూపించాను. ఆ పిల్ల రోజూ వందలమందికి అందించే కాగితమే అది. వంగి చూసింది, పెదవులు కదిపింది, తలెత్తింది. "నాకూ తెలీదండీ, డాక్టరు గారిని కనుక్కొస్తాను" అని లేచి లోపలికి వెళ్లింది. ఆమె తిరిగి వచ్చేదాకా నేనూ, నా వెనక వరుస మొత్తమూ ఆ మాట దగ్గర ఆగి ఉన్నాం.